తాళంకప్పతో చరరాశులు: ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలైంది

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. స్వతంత్ర చరరాశి (మనం మార్చేది), పరతంత్ర చరరాశి (దాన్ని బట్టి మారేది), నియంత్రిత చరరాశి (మారకుండా ఉంచేది), ఈ మూడింటికీ ఉదాహరణలతో ఒక చార్టు చెయ్యమని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. నిర్వచనాలు ఆపకుండా అప్పజెప్పింది. "మరి లెక్కల్లో ఎక్స్‌ని కూడా చరరాశి అనే అంటారుగా, అది ఈ మూడింట్లో ఏది?" అని అడిగాను. "అత్తా, అది లెక్కలు. ఇది సైన్సు" అంది, నాకే ఏదో తెలియనట్టు.

అలా అనుకోవడానికి కారణం ఉంది. ముందు 3ఎక్స్ + 5 = 20 అని ఇచ్చి ఎక్స్ కనుక్కోమంటారు. అక్కడ ఎక్స్ మారేదేమీ లేదు. అది 5, మనకి కనబడకుండా ఉందంతే. కొన్నాళ్లకి వై = 3ఎక్స్ + 5 అని ఇచ్చి గ్రాఫ్ గీయమంటారు. ఇక్కడ ఎక్స్ నిజంగానే మారుతుంది, మనం ఎంత పెడితే అంత. అక్షరం అదే, చేసే పని వేరు. పరీక్షకి ఈ తేడా తెలియకపోయినా నడిచిపోతుంది కాబట్టి ఎవరూ ఆగి చెప్పరు. అందుకే చార్టు పక్కన పెట్టించి లోలకం, అంటే దారానికి వేలాడుతూ ఊగే బరువు, కట్టిద్దాం అనుకున్నాను. దాని సమీకరణం ఒక్కటే అయినా, మనం అడిగే ప్రశ్నని బట్టి అందులోని అక్షరాల పని మారిపోతూ ఉంటుంది.

జాబితా, కట్టడం

దారం ముట్టుకోకముందే ఒక జాబితా రాయించాను. ఊపుకి పట్టే కాలం వేటివల్ల మారొచ్చు? దారం పొడవు, వేలాడే బరువు, ఎంత పక్కకి లాగి వదిలాం. ఈ మూడూ వెంటనే వచ్చేశాయి. ఇంకా ఇంకా అని సతాయిస్తే దారం మందం, ఫ్యాను గాలి, చివరికి "స్టాప్‌వాచ్ నువ్వు నొక్కుతావా, నేను నొక్కుతానా" అన్నది కూడా చేరింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చివరిదే. కొలిచే మనిషిని కూడా జాబితాలో పెట్టాలని పెద్దవాళ్లకే చాలామందికి తట్టదు.

"ఫ్యాను కూడా చరరాశేనా?" అని అనుమానం. వేరే విలువ తీసుకోగలిగినదేదైనా చరరాశే. ఫ్యాను ఆపేశామంటే జాబితాలోంచి తీసేసినట్టు కాదు, దాని విలువని సున్నా దగ్గర కట్టేసినట్టు. నోటుబుక్కులో రెండు నిలువు వరుసలు గీయించి, ఒకదాంట్లో రాశి పేరు, రెండోదాంట్లో ప్రస్తుతం దాని విలువ రాయించాను. ఫ్యాను: సున్నా. స్టాప్‌వాచ్ నొక్కేది: ఎప్పుడూ తనే. దారం: ఒకే ఉండలోది. నియంత్రిత చరరాశి అంటే ఇంతే. సమీకరణంలో ఒక అక్షరం ఉన్నచోట అంకె రాసేసి, ఇక దాన్ని కదపకుండా ఉండటం.

కట్టడంలో ఒక జాగ్రత్త ఉంది. దారాన్ని మేకుకి ముడేసి ఊపితే, ఊగినప్పుడల్లా అది మేకు చుట్టూ కొంచెం చుట్టుకుని మళ్లీ విడుతుంది. అంటే పొడవు స్థిరంగా ఉందని మనం అనుకుంటూ ఉంటే అది ఊపు ఊపుకీ మారుతుంటుంది. అలా కాకుండా రెండు చెక్క స్కేళ్ల మధ్య దారాన్ని ఇరికించి, వాటిని పుస్తకాల అల్మరా పైన అంచుకి బిగించాం. దారం ఎక్కడ వంగుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. పొడవు కొలవడం అక్కణ్ణుంచే.

సున్నాతో మొదలు

ఒక ఊపంటే వెళ్లి తిరిగి రావడం. ఒక్క ఊపునే కొలిస్తే వచ్చే అంకెని నమ్మలేం. కన్ను చూసి వేలు కదలడానికే మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది, మనం కొలవబోయేదేమో సెకనున్నర. అందుకని 20 ఊపులకి కలిపి కొలిచి 20తో భాగించాం. వేలి ఆలస్యం వల్ల వచ్చే తేడా కూడా 20వ వంతుకి పడిపోతుంది.

ఎక్కడ నొక్కాలన్నది ఇంకో సంగతి. చివరికొచ్చినప్పుడు బరువు నెమ్మదించి ఒక్క క్షణం ఆగినట్టుంటుంది, ఆ క్షణం కచ్చితంగా ఎప్పుడన్నది కంటికి అందదు. మధ్యలో దాటేటప్పుడు దాని వేగం అన్నిటికంటే ఎక్కువ, అక్కడైతే అందుతుంది. వెనకాల గోడకి కాగితం అంటించి, లోలకం నిలకడగా ఉన్నచోట నిలువు గీత గీశాం. వదిలాక ఒకటి రెండు ఊపులు పోనిచ్చి, ఎడమ నుంచి కుడికి గీత దాటుతుండగా "సున్నా" అంటూ నొక్కాలి. "ఒకటి" అని మొదలుపెడితే 20 అనేసరికి జరిగేవి 19 ఊపులే.

బరువు సంగతి

మొదట బరువు చూద్దామంది. 40 సెంటీమీటర్ల దారానికి ఒక ఇనప నట్టు కట్టింది. 20 ఊపులకి 25.7 సెకన్లు. తర్వాత అదే దారానికి, మొదటి నట్టు కింద ఇంకోటి, దాని కింద మరోటి, అలా ఐదు నట్లు వరుసగా వేలాడదీసింది. 27.6 వచ్చింది. మళ్లీ కొలిచింది, మళ్లీ 27.6. "బరువు పెరిగితే కాలం పెరుగుతుంది" అని రాసి కింద గీత కూడా గీసింది.

నేను ఆపలేదు. ఆ రాత తప్పని నాకు తెలుసు, కానీ నేను చెప్పి కొట్టేయించడం వేరు, తనే కొట్టేయడం వేరు. జాబితా తియ్యమని మాత్రం అన్నాను. "పొడవు: 40, మారలేదు" అని రాసి ఉంది.

"నిజంగా మారలేదా?"

"దారం అదేగా అత్తా."

"దారం అదే. బరువు ఎక్కడుంది?"

కాసేపు చూసి స్కేలు తీసింది. నట్లకీ నట్లకీ మధ్య 3 సెంటీమీటర్లు. ఐదూ కలిపితే బరువు మధ్యభాగం మూడో నట్టు దగ్గరికి, అంటే 6 సెంటీమీటర్లు కిందికి దిగింది. కదిలించింది బరువునే అనుకుంటే దాంతోపాటు పొడవూ కదిలింది. ఆ 1.9 సెకన్ల తేడా ఎవరి ఖాతాలో రాయాలో ఈ రెండు అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు.

మళ్లీ మళ్లీ కొలిచినా అదే వచ్చింది కాబట్టి నిజమే అనుకోవడం చాలా సహజం, చదువుకున్నవాళ్లలో కూడా. తిరిగి కొలవడం వల్ల వేలి తడబాటు లాంటివి బయటపడతాయి. రెండు రాశులు జంటగా కదులుతుంటే మాత్రం వందసార్లు కొలిచినా జంటగానే కదులుతాయి. దానికి మందు విడదీయడమే. పేపర్ క్లిప్పుని కొక్కెంలా వంచి దారానికి కట్టి, నట్లన్నీ దానికే ఒకే ఎత్తులో పక్కపక్కన తగిలించాం. క్లిప్పు వల్ల మొత్తం పొడవు కాస్త పెరిగింది కాబట్టి ఒక్క నట్టుకి 26.3 వచ్చింది. ఐదు నట్లకి 26.4. ఆ 0.1 వేలిది. తను రాసిన వాక్యాన్ని తనే కొట్టేసింది.

సమీకరణంలో చూస్తే దీని అర్థం, ఊపు కాలానికి రాసే సూత్రంలో బరువు అక్షరమే ఉండదని. లేని అక్షరం కూడా ఒక ఫలితమే. దాన్ని కూడా చార్టులో రాయించాను.

పొడవు సంగతి

దీనికి నట్లు తీసేసి పాత తాళంకప్ప కట్టాం. బరువెక్కువ కావడంతో గాలి దాన్ని అంత త్వరగా ఆపలేదు. పొడవుని స్కేళ్ల దగ్గర నుంచి తాళం కడ్డీ పైఅంచు దాకా కొలవమన్నాను. "బరువు మధ్యభాగం దాకా కదా కొలవాలి?" అని వెంటనే అడిగింది, నట్ల దెబ్బ తగిలాక ఇక వదుల్తుందా. తాళం లోపల ఆ మధ్యభాగం ఎక్కడుందో పైకి కనబడదు, ప్రస్తుతానికి దారమే కొలుద్దాం, మిగతాది తర్వాత తేలుద్దాం అన్నాను.

20 సెం.మీ.: 20 ఊపులకి 19.7 సెకన్లు, ఊపుకి 0.985
40 సెం.మీ.: 26.6, ఊపుకి 1.33
60 సెం.మీ.: 32.1, ఊపుకి 1.605
80 సెం.మీ.: 36.8, ఊపుకి 1.84
100 సెం.మీ.: 40.9, ఊపుకి 2.045

ఈ పట్టికలో ఎడమ పక్క అంకెలు గుండ్రంగా, కుడి పక్కవి అడ్డదిడ్డంగా ఉన్నాయి. స్వతంత్ర, పరతంత్ర అన్నవి గుర్తుపట్టడానికి నాకు తెలిసిన తేలిక మార్గం ఇదే. 20, 40, 60 అని పెట్టింది మనం. 1.605 అన్నది లోలకం ఇచ్చింది.

గ్రాఫ్‌లో పొడవుని అడ్డంగా, కాలాన్ని నిలువుగా తీసుకుంటే వంపు వచ్చింది. మొదటి 20 సెంటీమీటర్ల పెంపుకి కాలం 0.345 పెరిగితే, చివరి 20కి 0.205 మాత్రమే. ఈసారి కాలాల్ని వర్గం చేసి గీయమన్నాను: 0.97, 1.77, 2.58, 3.39, 4.18. వరుస తేడాలు 0.80, 0.81, 0.81, 0.79. స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖ.

"వర్గం చేసి గీయడం మోసం కాదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. కొలిచిన అంకెల్ని మార్చి ఉంటే మోసమే. ఇక్కడ మార్చింది అక్షం మీద ఏ రాశిని పెట్టాలన్నది మాత్రమే. ఊపు కాలం టి ఒక రాశి, టి వర్గం ఇంకో రాశి, పొడవుతో సాఫీగా నడిచేది రెండోది. వంపుగీత చూసి ఇది వర్గమూలమా ఇంకేదైనానా అని కన్ను తేల్చలేదు. తిన్నని గీతని మాత్రం కన్ను వెంటనే పట్టేస్తుంది.

గీత సున్నాలోంచి పోలేదు

పుస్తకంలో ఉన్న సూత్రం ప్రకారం టి వర్గం = (4 × పై వర్గం ÷ జి) × పొడవు. ఇందులో పై అంటే 3.14, జి అంటే భూమి ఆకర్షణ వల్ల కిందపడే వస్తువు వేగం పెరిగే రేటు. పొడవు సున్నా అయితే కాలమూ సున్నా కావాలి. మా గీతని ఎడమకి పొడిగిస్తే నిలువు అక్షాన్ని 0.16 దగ్గర తాకింది. పైగా పొడవు 20 నుంచి 80కి నాలుగింతలైతే కాలం సరిగ్గా రెండింతలు కావాలి. మాకు వచ్చింది 1.87 రెట్లు. కొలతల్లో ఏదో చిన్న తేడా అని సర్దుకుపోవడానికి వీల్లేదు, చుక్కలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి.

"దారం సున్నా అయితే తాళం ఊగదా?" అన్నాను. ఆలోచించి, "ఊగుతుంది, స్కేళ్లకే తగిలించినా ఊగుతుంది" అంది. అంటే దారం అయిపోయినా ఇంకా కొంత పొడవు మిగిలే ఉంది. మనం కొలవకుండా వదిలేసిన పొడవు అదే. దానికి డి అని పేరు పెట్టాం. గీత వాలు, అంటే దారం ఒక మీటరు పెరిగితే కాల వర్గం ఎంత పెరుగుతుందన్నది, లెక్కేస్తే 4.0 వచ్చింది (80 సెంటీమీటర్లకి 3.21). కాబట్టి టి వర్గం = 4 × (దారం + డి). దారం సున్నా దగ్గర 4 × డి = 0.16. డి = 0.04 మీటర్లు, 4 సెంటీమీటర్లు.

తాళాన్ని విప్పి స్కేలు అంచు మీద అడ్డంగా పెట్టి, ఎటూ ఒరగని చోటు వెతికాం. కడ్డీ పైఅంచు నుంచి 4 సెంటీమీటర్లు, మహా అయితే ఒక గీత అటూ ఇటూ. ఇనుము లోపల ఉన్న బిందువుని గడియారంతో కనుక్కున్నామన్నమాట. ఇక 1.87 చిక్కు కూడా విడిపోయింది. అసలు పొడవులు 24, 84. వాటి నిష్పత్తి 3.5, దాని వర్గమూలం 1.87.

ఇక్కడే లెక్కల నోటుబుక్కు తెప్పించాను. వై = ఎమ్ఎక్స్ + సి అని పాఠంలో ఉంది. అందులో నాలుగు అక్షరాలు. ఎక్స్, వై చుక్క చుక్కకీ మారతాయి. ఎమ్, సి ఒక గీత పొడుగునా మారవు, గీత మారితే మారతాయి. మా లోలకంలో ఎక్స్ దారం, వై కాల వర్గం. సి విలువ తాళాన్ని బట్టి ఉంటుంది, వేరే తాళం కడితే వేరే సి. ఎమ్ మాత్రం తాళం మార్చినా అంతే ఉంటుంది. నాలుగూ అక్షరాలే కదా అని నాలుగింటినీ చరరాశులంటే పిల్లలకి తల తిరగడంలో ఆశ్చర్యం లేదు.

తెలియని రాశికి పేరు పెట్టుకోవడం చాలా పాత అలవాటు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు మొదటి తెలియని రాశిని యావత్తావత్ అని, ఇంకా ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లతో రాశాడు. తెలిసిన రాశికి కూడా అంకెకి బదులు అక్షరం పెట్టి పద్ధతిగా రాయడం ఫ్రాన్స్‌లో వియెట్ అనే గణితజ్ఞుడు 1591లో తెచ్చిన మార్పు. ఆయన తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు వాడాడు. అక్షరమాల చివరి అక్షరాలు తెలియనివాటికి, మొదటివి తెలిసినవాటికి అన్న ఇప్పటి పద్ధతి 1637లో డెకార్ట్ నుంచి వచ్చింది. ఎమ్, సి లాంటి అక్షరాలు లేకపోతే ప్రతి గీతకీ విడిగా ఒక లెక్క రాసుకోవాల్సిందే, గీతలన్నిటికీ కలిపి ఒక్క సూత్రం ఉండేది కాదు.

కోణం

ఇప్పటిదాకా 10 డిగ్రీలు దాటకుండా వదిలాం. ఈసారి 40 సెంటీమీటర్ల దారంతో 60 డిగ్రీల నుంచి వదిలి 10 ఊపులు కొలిచాం. 13.3 రావాల్సింది 14.1 వచ్చింది. లెక్క ప్రకారం 10 డిగ్రీల దగ్గర కాలం 0.2 శాతమే పెరుగుతుంది, 60 దగ్గర 7 శాతం పైచిలుకు. మాకు 6 రావడానికి కారణం, ఊగుతున్న కొద్దీ కోణం దానంతటదే తగ్గిపోవడం. అన్నిటినీ కట్టేశామనుకుంటాం, ఒకటి మన ప్రమేయం లేకుండా జారిపోతూనే ఉంటుంది.

కోణం ఎంతున్నా కాలం ఒకటేనని గెలీలియో నమ్మాడు. వృత్తచాపం మీద ఊగే లోలకానికి అది పూర్తిగా నిజం కాదని, వేరొక వంపు మీద ఊగితేనే నిజమని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1673లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు. పుస్తకంలోని సూత్రంలో కోణం లేదంటే దానితో పని లేదని కాదు, చిన్నగా ఉంచుకుంటామని ముందే మాటిచ్చి రాసిన సూత్రమని.

జి మారుతుందా

4 × పై వర్గం అంటే 39.48. వాలు 4.0 అయితే జి = 39.48 ÷ 4.0 = 9.87. పుస్తకంలో 9.8. ఒక దారం, తాళంతో ఇంత దగ్గరికి వస్తే చాలు. జిని స్థిరాంకం అని అండర్‌లైన్ చేసుకుంది తను.

స్థిరమే, ఈ గదిలో. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో, భూమధ్యరేఖకి దగ్గర్లోని కేయెన్ అనే ఊరికి వెళ్లాడు. అక్కడ ఆయన లోలక గడియారం రోజుకి సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని కొంచెం పొట్టి చేస్తే తప్ప సరిగ్గా నడవలేదు. భూమధ్యరేఖ దగ్గర జి 9.78, ధ్రువాల దగ్గర 9.83. చంద్రుడి మీద 1.62, అక్కడ మన లోలకం ఊపుకి దాదాపు రెండున్నర రెట్ల కాలం తీసుకుంటుంది. మాకు అంకె రాసి మరిచిపోవాల్సిన జి, రిషేకి తెలియకుండానే మారిన రాశి. ఆ తర్వాత ఊరూరా లోలకం ఊపి భూమి ఆకారం తేల్చినవాళ్లకి అదే కొలవాల్సిన రాశి. తను అండర్‌లైన్ తుడవలేదు, పక్కన "ఒకే చోట ఉంటే" అని రాసింది.

తిరగేసిన ప్రశ్న

ఇప్పటిదాకా పొడవు మనది, కాలం లోలకానిది. గడియారం తయారుచేసేవాడి ప్రశ్న దీనికి ఎదురు. అతనికి సరిగ్గా 2 సెకన్ల ఊపు కావాలి, పొడవు ఎంత? సమీకరణం అదే, ఒక్క అక్షరం మారలేదు, కానీ ఇప్పుడు టి తెలిసినది, పొడవు కనుక్కోవాల్సినది. 3ఎక్స్ + 5 = 20లో ఎక్స్ చేసే పనే ఇక్కడ పొడవు చేస్తోంది.

4 = 4 × (దారం + 0.04). దారం 0.96 మీటర్లు. లెక్క తనే వేసింది. 96 సెంటీమీటర్ల దగ్గర దారాన్ని బిగించి, ఊపక ముందే నోటుబుక్కులో "40.0 రావాలి" అని రాయించాను. 20 ఊపులకి 40.1. జి 9.81 తీసుకుంటే అసలు పొడవు 99.4 సెంటీమీటర్లు రావాలి, మాది 100. ఆ తేడా మా వాలులో ఉన్నదే.

చార్టు మూడు వరుసలుగా తయారైంది. అడ్డంగా దారం, డి, కాలం, జి. నిలువుగా మూడు ప్రశ్నలు: కాలం ఎలా మారుతుంది, తాళం మధ్యభాగం ఎక్కడుంది, 2 సెకన్లకి ఎంత దారం కావాలి. ప్రతి గడిలో ఆ రాశి ఆ ప్రశ్నలో ఏ పని చేస్తోందో రాసి ఉంది. "ఒకే రాశికి మూడు గళ్లలో మూడు రకాలు రాస్తే టీచర్ ఒప్పుకోరేమో" అని టెన్షన్ పడుతోంది. రీడింగులన్నీ చార్టు వెనక అంటించాం.

తర్వాత చూడాల్సింది కోణం తగ్గే తీరు. గోడ మీద కాగితానికి సెంటీమీటర్ల గీతలు పెట్టి, ప్రతి 10 ఊపులకీ తాళం ఎంత దూరం వస్తోందో రాయాలి. ముందు తాళంతో, తర్వాత అదే పొడవులో ఒక్క నట్టుతో. సూత్రంలో లేదని తేలిన బరువు ఇందులో ఉంటుందో లేదో అప్పుడు చూస్తాం.